బాగైనదాన్ని మళ్ళీ చెడగొట్టమన్నాను

బెంగళూరు మారతహళ్ళిలో అప్పుడు నేను పనిచేసిన ఆఫీసు చిన్నది. ఎక్కడెక్కడి కంపెనీల కాగితాలనో కంప్యూటర్లోకి ఎక్కించి పంపడం మా పని. నేను ఫోన్ బోర్డు దగ్గర కూర్చునేదాన్ని. నా కుర్చీ పక్కనే ఒక లినక్స్ పెట్టె, అంటే లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్, ఉండేది. ఆఫీసుకున్న ఒకే ఒక్క ఇంటర్నెట్ కనెక్షన్‌ను అది మిగతా కంప్యూటర్లన్నిటికీ పంచేది. దాన్ని పెట్టిన అబ్బాయి కుందలహళ్ళిలో మంచి ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు నాకు ఆ పెట్టెను ఆపడం, ఆన్ చేయడం, ఊళ్ళో లినక్స్ వాడేవాళ్ళు రాసుకునే మెయిలింగ్ లిస్టు చదవడం నేర్పాడు. ఫోన్లు మోగని వేళల్లో అదే చదివేదాన్ని. సగం అర్థమయ్యేది కాదు, అయినా రుచి పట్టింది.

ఒకరోజు ఆ పెట్టెలో డిస్క్ పోయింది. కొత్తది వేయించి, పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీ నుంచి లినక్స్ మళ్ళీ ఎక్కించింది నేనే. ఆ పెట్టెకు ఇంటర్నెట్ వచ్చింది. మిగతా కంప్యూటర్లకు మాత్రం రాలేదు. ఏం చేసినా రాలేదు. శనివారం సాయంత్రం మా ఓనరు వచ్చి నా వెనక నిలబడ్డాడు. తాతల కాలం నుంచీ బెంగళూరులోనే ఉన్న తెలుగాయన.

"సోమవారం దాకా చూస్తానమ్మా. నీతో అయిందా, ఈ సిస్టమ్‌ల పని నీదే. కాలేదా, కంప్యూటర్లు చూసే ఏజెన్సీవాళ్ళను పిలుస్తా. వాళ్ళు పంపే మనిషి ఫోన్లు గూడా ఎత్తుతాడంట. ఇద్దరికి జీతం నేను యాడ తెచ్చేది?"

అంటే ఉన్న కుర్చీ కూడా పోతుందన్నమాట. నాకు భయం కన్నా ముందు కోపం వచ్చింది. పెట్టె పోయినప్పుడు ఏజెన్సీ గుర్తుకురాలేదు, సగం దారి నేను లాక్కొచ్చాక గుర్తుకొచ్చిందా! నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని అనంతపురంలో మా ఇంట్లో నాకెప్పటినుంచో పేరుంది. ఈ కుందేలునూ వదిలేది లేదనుకున్నాను.

లిస్టులో సాయం అడిగితే "ముందు మాన్యువల్ చదవండి సార్" అన్నవాళ్ళే ఎక్కువ. సార్ కాదు, మేడమ్ అని దిద్దే ఓపిక కూడా లేకపోయింది. ఒకరు మాత్రం, ఆదివారం మా మీటింగుకు పెట్టె పట్టుకుని రండి అని రాశారు. ఆదివారం పొద్దున ఆటోలో ఆ సీపీయూను ఒళ్ళో పెట్టుకుని బయలుదేరాను. గుంత వచ్చినప్పుడల్లా దాన్ని చంటిపిల్లలా పొదివి పట్టుకున్నాను.

మీటింగు ఒక కాలేజీ గదిలో. అందరూ కుర్రాళ్ళే. నా పెట్టెకు తెర, కీబోర్డు, ఫోన్ లైను తగిలించి, పరీక్షించడానికి పక్కన ఇంకో కంప్యూటర్ కలిపారు. నేను సమస్య చెప్పడం మొదలుపెట్టానో లేదో, కళ్ళద్దాల కుర్రాడొకడు "ఒక్క నిమిషం మేడమ్, జరగండి" అని కీబోర్డు తన వైపు లాక్కున్నాడు. టకటకా ఏదో కొట్టాడు. నేను మొదటి వరుస చదివేలోగా తెర మారిపోయింది. పక్క కంప్యూటర్లో వెబ్ పేజీ తెరుచుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

"అయిపోయింది మేడమ్. వెరీ సింపుల్. తీసుకెళ్ళిపోండి."

"ఏం చేసినావప్పా?"

"అదంతా మీకెందుకు మేడమ్? వర్క్ అవుతోంది కదా."

మంచి పిల్లాడే. సాయం చేయాలనే చేశాడు. కానీ ఆ 'మీకెందుకు' వినగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మళ్ళా చెడగొట్టు," అన్నాను.

"ఏంటి మేడమ్?"

"నేను తెచ్చినప్పుడు ఎట్లుండెనో అట్ల చెయ్. నేను కొడతా, నువ్వు నోటితో చెప్పు. రేపు ఆఫీసులో నువ్వుండవు గదా, నేనే ఉంటా."

గదంతా నవ్వులు. వెనక నుంచి ఎవరో "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అన్నారు. "కందకు లేని దురద కత్తిపీటకేంటికప్పా" అన్నాను వెనక్కి తిరక్కుండానే. ఈసారి అతన్ని చూసి నవ్వారు.

కళ్ళద్దాల కుర్రాడు ముఖం ముడుచుకుని, చేసినదంతా తీసేశాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. నోటితో చెప్పడం అతనికి చేతకాలేదు. మాటిమాటికీ చెయ్యి కీబోర్డు మీదికి వచ్చేది. "చేతులు కట్టుకో అప్పా" అని నెట్టేసేదాన్ని. చివరికి తేలిందేమిటంటే, ఆ పెట్టెకు చెప్పాల్సినవి రెండే సంగతులు. లోపలి కంప్యూటర్ల మాటను బయటికి చేరవెయ్యమనాలి. బయటివాళ్ళకు అందరి తరఫునా తన చిరునామానే ఇమ్మనాలి.

"అంటే నా ఫోన్ బోర్డు పనే గదా!" అన్నాను. లోపల ఎవరు మాట్లాడినా బయటికి ఆఫీసు నంబరొకటే.

కుర్రాడు నా వంక కొత్తగా చూశాడు. "ఎగ్జాక్ట్‌లీ మేడమ్. నేను ఎవరికీ ఇంత ఈజీగా చెప్పలేకపోయా." ఆ తర్వాత తనే ఉత్సాహంగా చెడగొట్టసాగాడు. అతను నోరు తెరవకపోయినా నేను బాగుచేయగలిగేదాకా ఆ పని వదల్లేదు.

సోమవారం పొద్దున ఆఫీసులో పెట్టెను తగిలించి ఆన్ చేశాను. ఏ కంప్యూటర్‌కూ ఇంటర్నెట్ రాలేదు. ఓనరు నా బోర్డు మీది ఫోనే ఎత్తి ఏజెన్సీ నంబరు నొక్కాడు.

నిన్న సాయంత్రానికీ ఇప్పటికీ ఏం మారిందా అని ఆలోచించాను. ఆటోలో తేవడానికి పెట్టెను ఆపాను, అంతే. అప్పుడు వెలిగింది. నిన్న మేము దానికి చెప్పినవన్నీ నోటిమాటలు. ఎక్కడా రాసిపెట్టలేదు కాబట్టి ఆపగానే మరిచిపోయింది. ఆ కుర్రాడూ ఈ సంగతి తలచుకోలేదు. మీటింగులో ఎవరూ పెట్టెను ఆపి చూడలేదు. నిన్న చప్పట్లు విని వచ్చేసి ఉంటే ఈపాటికి నేను గుడ్లు మిటకరిస్తూ నిలబడి ఉండేదాన్ని.

ఆ రెండు ఆజ్ఞలూ మళ్ళీ కొట్టాను. "వచ్చింది, వచ్చింది" అని టైపు చేసే అమ్మాయిలు అరిచారు. ఓనరు ఫోను దించేశాడు.

"ఉండండి సార్, ఇంకా కాలేదు," అన్నాను. పెట్టె ఆన్ అయినప్పుడల్లా అది చదువుకునే ఫైలు ఒకటుంటుంది. అందులో ఆ రెండు వరుసలూ రాశాను. రాసి, గోడ దగ్గర స్విచ్ ఆపేశాను.

"ఏమ్మా, పిచ్చా నీకు? ఆడతా ఉండేదాన్ని ఆపేస్తివే!"

"కరెంటు మనల్ని అడిగి పోతుందా సార్?"

ధైర్యంగా అన్నానే గానీ, కోరి కొరివితో తల గోక్కున్నానేమో అనిపించింది. స్విచ్ వేశాను. సరిగ్గా ఆపలేదు కాబట్టి పెట్టె తన డిస్కంతా తనిఖీ చేసుకుంటానని మొదలుపెట్టింది. ఎంతకీ తెమల్లేదు. ఓనరు మళ్ళీ ఏజెన్సీ నంబరు నొక్కాడు. అమ్మాయిలు కుర్చీలు వెనక్కి తిప్పుకుని నన్నే చూస్తున్నారు. నేను కీబోర్డు ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఆ పని చేసింది నేనవుతాను. అది తనంతట తను చేయాలి.

మూల నుంచి ఒకమ్మాయి "వచ్చిందక్కా!" అంది.

ఫోన్లో అవతల ఏజెన్సీవాళ్ళు హలో, హలో అంటూనే ఉన్నారు. ఓనరు గొంతు సవరించుకున్నాడు.

"వద్దులేప్పా," అన్నాడు. "మా దగ్గర మనిషి ఉండాది."