క్యూబా పాటకు అమ్మ వంత

నా పెళ్ళి తప్పిపోయిన ఏడాది నేను క్యూబా పాటలకు ఆడడం నేర్చుకున్నాను. సింగపూర్‌లో ఉద్యోగం దొరకగానే ఆ అబ్బాయి ఫోన్ చేసి, నాలుగు ముక్కల్లో వద్దనేశాడు. అప్పటికే శుభలేఖలు పంచేశాం. అమ్మ మాత్రం అడిగినవాళ్ళందరికీ ముహూర్తం కుదరలేదనీ, వాయిదా పడిందనీ చెప్పుకొచ్చింది. ఇంట్లో ఆ ఊసెత్తితే చాలు, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. నేను ఏడవడానికి కూడా వీల్లేదు. వాయిదా పడ్డ పెళ్ళికి ఎవరేడుస్తారు?

మలేషియాలో మా ఊరు సుంగై పెటాని. అక్కడ మా ఫ్యాక్టరీ స్నేహితురాలొకామె శనివారాలు నన్ను ఓ షాపు మేడమీది డాన్సు క్లాసుకు లాక్కెళ్ళేది. ఒళ్ళు అలిస్తే నిద్రయినా పడుతుందని వెళ్ళాను. తాళం మహా హుషారు. పెళ్ళి ఊరేగింపు పాటలు కాబోలు అనుకున్నాను. నాకో పాడు అలవాటుంది, అర్థం తెలియని పాట వింటే ఊరుకోలేను. ఒకరోజు ఓ పాట మాటలన్నీ ఫోన్‌లో మలయ్‌లోకి మార్చుకుని చదివి, నోరెళ్ళబెట్టాను. పాడేవాణ్ణి ప్రియురాలు వదిలేసి పోయింది! మంచం ఖాళీ అంటాడు, ఊరంతా నవ్వుతోందంటాడు. ఇంకోటి చదివాను, అదీ అంతే. మరి వీళ్ళకింత హుషారు ఎక్కణ్ణించి వచ్చింది?

మళ్ళీ మళ్ళీ వింటే ఒకటి తెలిసింది. మొదట్లో మనిషి ఒక్కడే గోడు వెళ్ళబోసుకుంటాడు. సగం దాటాక పక్కవాళ్ళు వంత అందుకుంటారు. వాడేం చెప్పినా వాళ్ళది ఒకటే జవాబు: పోతే పోయింది, నువ్వు ఆడు. అక్కణ్ణించి వాడి గొంతు మారిపోతుంది, వేళాకోళాలు మొదలెడతాడు. బాధ తీరిందా అంటే లేదు. కానీ చెప్పేశాడు, నలుగురూ విన్నారు. నాకు లేనిది అదేనని తోచి భలే ఉక్రోషం వచ్చింది.

ఓ ఆదివారం అమ్మ వరండాలో ఎండు నెత్తళ్ళ చేపల తలలు గిల్లుతూ కూర్చుంది. నేను పక్కన చేరి ఆ పాట పెట్టాను.

“ఏటే ఈ పాట? కాలు ఆగనీదు లా,” అంది, ఇక్కడి అందరిలాగే మాట చివర మలయ్ ‘లా’ తగిలించి.

“ఈ పాడేవోడి మనిషి ఆణ్ణి వదిలేసి ఎల్లిపోనాదమ్మా. అదే పాడతన్నాడు.”

“ఒలమ్మ! దానికీ గెంతులేటి?”

వరసగా చెప్పుకుంటూ పోయాను. మంచం ఖాళీ అన్నాను. “పోతే పోనీ,” అంది అమ్మ, ఓ తల గిల్లి పడేస్తూ. ఊరు నవ్వుతోందన్నాను. “నవ్వితే నవ్వనీ!” అమ్మకు ఆట నచ్చింది. అప్పుడు పాటలో లేని మాట కలిపాను.

“సింగపూర్ ఎల్లినాడు, నన్ను వద్దన్నాడు.”

అమ్మ చేతులు ఆగిపోయాయి. లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. ఇంతలో గేటు దగ్గర నుంచి పక్కింటి పిన్ని పలకరించింది.

“అక్కా, పెల్లి ఎప్పుడుకి పెట్టినారు? సీర కొనాల కదా.”

అమ్మ చేతిలో ఉన్న చేప తల గిల్లి పడేసింది.

“పెల్లి లేదు. ఆ గుంటడు మా పిల్లని వద్దని ఎల్లిపోనాడు,” అంది, వీధికంతా వినపడేలా.

పిన్ని గేటు తోసింది. చెప్పులు విప్పి లోపలికొచ్చి, అమ్మ పక్కన చతికిలబడి, గుప్పెడు నెత్తళ్ళు ముందుకు లాక్కుంది.

“పోనీ లా అక్కా. దిక్కుమాలినోడు.”

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అన్ని నెలల ఏడుపూ ఒక్కసారే వచ్చింది. పాట ఇంకా మోగుతూనే ఉంది. అమ్మ పాటనూ ఆపలేదు, నన్నూ ఆపలేదు.