ఈస్టర్ నాటి మజ్జిగన్నం

ఆ ఈస్టర్ మధ్యాహ్నం మా చల్లపల్లి ఇంట్లో కోడికూర వండాం. అమ్మ ముక్క ముట్టలేదు. మజ్జిగన్నం కలుపుకుని, కుడి పక్కనే నమిలి లేచిపోయింది. ఈస్టర్‌కి ముందు నలభై రోజుల లెంటు మొదలైనప్పటి నుంచీ కారం మానేసిందని నాన్న ఉత్తరం రాస్తే ఉపవాసమే అనుకున్నాను. మా ఇళ్లల్లో ఆ నలభై రోజులూ ఎవరేం మానేసినా ఎందుకని అడగం. అది దేవుడికీ వాళ్లకీ మధ్య మాట. కానీ పండగ వచ్చాక కూడా మజ్జిగన్నమేమిటి?

వాల్తేరులో నేను చేసే రీసెర్చి క్యాన్సర్ మీదే. పొగాకు సారం ఎలుకల వీపుకి రాసి, కణం లోపలి డి.ఎన్.ఎ.ను అదేం చేస్తుందో చూడటం నా పని. ఆ పొగాకు పంపేదీ అమ్మే, తను బుగ్గన పెట్టుకునే కాడల్లోంచే. మానమంటే, "ముందు నీ ఎలుకల చేత మాన్పించవే" అని నవ్వేది.

ఆ రోజే కిటికీ దగ్గర కూర్చోబెట్టి నోరు తెరిపించాను. ఎడమ బుగ్గ లోపల తెల్లటి మచ్చ, దాని మధ్యలో పుండు. కారం మానేసింది ఆ పుండు మంటకే.

బెజవాడలో బయాప్సీ చేశారు.

"స్క్వేమస్ సెల్ కార్సినోమా, నోటి క్యాన్సరండీ. ఈ సబ్జెక్టులో ఉండి కూడా ఇంత లేటుగా తీసుకొచ్చారేంటండీ?" అన్నారు డాక్టరుగారు.

ఉపవాసం అనుకున్నామండీ అన్నాను. ఆయన రాయడం ఆపి నా వైపు చూశారు.

మద్రాసులో రేడియేషన్ ఇప్పించాం. నోరంతా పొక్కిపోయి మంచినీళ్లు కూడా దిగేవి కావు. పుండు మానినట్టే మాని, మూడు నెలలకి మెడలో గడ్డలా నోడ్ తేలింది. మళ్లీ బెజవాడ తీసుకెళ్తే, "ఇక ఆపరేషన్‌కి లొంగదండీ. ఇంటికి తీసుకెళ్లండి" అన్నారు.

తిరిగొచ్చే బస్సులో కంకిపాడు దాటాక అమ్మ మెల్లగా అడిగింది.

"నువ్వు మందు కనిపెడుతున్నావని చర్చిలో అందరికీ చెప్పానే. ఎంతవరకు వచ్చింది?"

"మందు కాదమ్మా. అసలెందుకొస్తుందో చూస్తున్నాం."

"అంతేనా?" అంది. ఇల్లు చేరేదాకా పొలాల వైపే చూస్తూ కూర్చుంది.

ఆమె పోయి రెండేళ్లు. నేను మళ్లీ ల్యాబ్‌లోనే ఉన్నాను. పొగాకు విషం డి.ఎన్.ఎ.కి ఎక్కడ అంటుకుంటుందో కొంత తెలిసింది. అది ఎవరికి పనికొస్తుందో తెలియదు. అమ్మకి మాత్రం పనికి రాలేదు. ఆమె చివరిసారి పంపిన పొగాకు కట్ట బీరువాలోనే ఉంది, విప్పడానికి చేతులు రావడం లేదు.

మీకు చెప్పేది ఒక్కటే. ఇంట్లో ఎవరైనా ఉన్నట్టుండి కారం మానేస్తే, ఏ ఉపవాసమని చెప్పినా సరే, వెలుతురులో నోరు తెరిపించి చూడండి. పండగ దాకా ఆగకండి.