కరుణమ్మ టీచర్ రాసిన ఉత్తరాలు

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో కవర్లు అంటించుకునే బల్ల మీద బంక డబ్బా ఇప్పటికీ ఉంది. మొన్న మా అమ్మాయి కాలేజీ కాగితాలు పంపడానికి వెళ్ళి, వేలితో బంక తీసి కవరుకు రాస్తుంటే ఆ పుల్లని వాసన తగిలి చెయ్యి ఆగిపోయింది. ఒకావిడ ఆ బల్ల దగ్గరే నిలబడి నాకోసం వారం వారం కవర్లు అంటించారు. ఆవిడ గురించి నేనొక అబద్ధం పుట్టించాను. అది ఇవాళ్టికీ కొందరు నిజమనే అనుకుంటున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

కరుణమ్మ టీచర్ మెదక్ వైపు మిషన్ బళ్ళో చాలా ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. తర్వాత నాంపల్లిలో గడియారాల దుకాణం పైన రెండు గదులు కిరాయికి తీసుకుని స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులు పెట్టారు. అక్కడ పాఠాలు చెప్పడానికి చేరకముందు నేను రెండు ప్రైవేటు కాలేజీల్లో పనిచేశాను. చేరిన రోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు ప్రిన్సిపాల్ బీరువాలోకి వెళ్ళేవి. మానేసేటప్పుడు బతిమాలి తెచ్చుకోవాలి. అందరికీ అంతే కనుక నాకు అది తప్పుగా అనిపించేది కాదు. టీచర్ దగ్గర చేరిన రోజున కూడా, అడగకముందే ఫైలు తీసి బల్ల మీద పెట్టాను.

"ఇవెందుకు? జిరాక్సులిచ్చి తీస్కపో," అన్నారు. "నీ సర్టిఫికెట్లు నా బీరువాల ఉంటే, నువ్వు పిల్లల కోసం వస్తున్నట్టా, బీరువా కోసం వస్తున్నట్టా?"

ఆవిడకు లోకం పద్ధతి తెలియదనుకున్నాను. మొదటి వారమంతా నా క్లాసులో వెనక బెంచీలో కూర్చుని, చివరి రోజున, మాట్లాడడం నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళ కన్నా నేనే ఎక్కువ మాట్లాడుతున్నానని చెప్పారు. నొచ్చుకున్నాను. కానీ ఆ తర్వాతే నాకు పాఠం చెప్పడం వచ్చింది.

మూడో ఏడు థాయ్‌లాండ్‌లో ఒక ప్రైవేటు ఇంగ్లీషు స్కూలు నుంచి ఉద్యోగం ఇస్తామని కబురొచ్చింది. ఎగిరి గంతేశాను. టీచర్ మాత్రం, ఆఫీసువాళ్ళ మాటలు చాలవు, ఇప్పుడు అక్కడ పాఠాలు చెబుతున్న మనిషితో మాట్లాడాలన్నారు. స్కూలువాళ్ళు ఒక మలయాళీ మాస్టారి నంబరు ఇచ్చారు. ఇద్దరం వినేలా ఫోను బల్ల మీద పెట్టాం. పిల్లలు, సెలవులు, బస అన్నీ బాగున్నాయని ఆయన గడగడా చెప్పుకుపోయాడు. చివరికి టీచర్ ఒక్కటే అడిగారు, ఆయన పాస్‌పోర్టు ఇప్పుడు ఎవరి దగ్గరుందని. అదెందుకని ఆయన ఎదురడిగాడు. తర్వాత, ఆఫీసు లాకర్లో భద్రంగా ఉందన్నాడు.

ఫోను పెట్టేసి, "ఇది వద్దు బిడ్డా," అన్నారు.

నాకు కోపం వచ్చింది. "ఆఫీసులో ఉంటే తప్పేంటండీ? మన కాలేజీల్లో సర్టిఫికెట్లు పెట్టుకోరా?"

"పెట్టుకుంటరు. గందుకే నీకు తప్పు కనిపిస్తలేదు."

పైగా ఉద్యోగం చేయడానికి వీల్లేని విజిట్ వీసా మీద రమ్మంటున్నారని, పట్టుబడితే జైలుకు పోయేది నేనే కానీ స్కూలు కాదని చెప్పారు. నేను తన దగ్గర పనిచేసినట్టు ఆ స్కూలు అడిగిన అనుభవ పత్రం రాయనన్నారు. మరే స్కూలుకైనా ఆ రోజే రాసిస్తానన్నారు.

ఆ సాయంత్రం అబిడ్స్‌లో టీ తాగుతూ, నాతో పాటు అక్కడే పనిచేసే ప్రసాద్‌తో చెప్పాను, పనిచేసే మనిషి చేజారిపోతాడనే భయంతో ముసలావిడ నా ఉద్యోగం చెడగొట్టిందని. అప్పుడే అది నిజం కాదని నాకు తెలుసు. ప్రసాద్ నమ్మాడు. నలుగురికీ చెప్పాడు, నెల తిరక్కుండా మానేశాడు. అతని క్లాసువాళ్ళు చాలామంది అతని వెంటే పోయారు.

నేనూ మానేశాను. అనుభవ పత్రం లేదు కాబట్టి ఒరిజినల్స్ పంపమని థాయ్‌లాండ్ స్కూలు అడిగితే, చేజేతులా కొరియర్ చేశాను. అవి చేరాక వాళ్ళ గొంతు మారింది. విజిట్ వీసా మీద వస్తేనే సర్టిఫికెట్లు, లేకపోతే లేవన్నారు. వెళ్ళడానికి భయం, టీచర్‌కు మొహం చూపించడానికి సిగ్గు. ఇంట్లో కూర్చున్నాను. నా భార్య లలిత నాకు చెప్పకుండా నాంపల్లి వెళ్ళి ఆవిడకు సంగతంతా చెప్పిందని తర్వాత తెలిసింది.

ఒక శుక్రవారం పోస్టాఫీసులో ఆవిడ కనిపించారు. చేతిలోని కవరు మీద ఆ స్కూలు చిరునామా ఉంది. సర్టిఫికెట్లు తిరిగి పంపకపోతే అక్కడి విద్యాశాఖకు రాస్తానని ఆ స్కూలు యజమానికి వారానికొక ఉత్తరం రాస్తున్నారట.

"ఇది ఎన్నో ఉత్తరం, టీచర్?" అన్నాను.

"లెక్కపెట్టలే. జర పక్కకు జరుగు, నా వంతు వచ్చింది."

నాలుగు నెలలకు పార్సిల్ ఆవిడ చిరునామాకే వచ్చింది. అన్నీ ఉన్నాయో లేవో చూసుకోమన్నారు, ఒక్క దెప్పు మాట లేదు. ఆ వారమే ఇద్దరం కూర్చుని ఇంకో స్కూలు వెతికాం. వాళ్ళు నేను బయలుదేరకముందే వర్క్ వీసాకు కాగితాలు పంపుతామన్నారు, ఒరిజినల్స్ అడగలేదు. అక్కడి టీచరమ్మను పాస్‌పోర్టు సంగతి అడిగితే, "నా సొరుగులోనే ఉంది, తీసి చూపించనా?" అని నవ్వింది. అక్కడ ఆరేళ్ళు పనిచేశాను. ఇవాళ నాకున్న ఇల్లూ పేరూ ఆ ఆరేళ్ళ చలవే.

బయలుదేరే ముందు క్షమాపణ చెప్పబోయాను. "టీచర్, నేను ప్రసాద్‌తో మీ గురించి..."

"తెలుసు. నాకు చెప్పుడెందుకు? ఎవరికి చెప్పినవో వాళ్ళకు చెప్పు."

చెప్పలేదు. ఎప్పటికప్పుడు రేపు చెబుదామనుకున్నాను. నేను అక్కడుండగానే ఆవిడ క్లాసులు మూతపడ్డాయి, తర్వాత ఆవిడా పోయారు. తిరిగొచ్చాక విదేశాల్లో ఇంగ్లీషు చెప్పడానికి వెళ్ళే కుర్రకారు నా సలహా అడగడం మొదలుపెట్టారు. ఏ వీసా అని అడగండి, పనిచేస్తున్న టీచరుతో మాట్లాడండి, పాస్‌పోర్టు ఎక్కడుందో కనుక్కోండి, ఒరిజినల్స్ పంపకండి అని చెబుతూ, ఇదంతా నా అనుభవం అనేవాణ్ణి.

పోయిన నెల బషీర్‌బాగ్‌లో అలాంటి కుర్రవాళ్ళ సభకే పిలిచారు. ముందు వరసలో నెరిసిన తలతో ప్రసాద్ కూర్చుని ఉన్నాడు. వాళ్ళబ్బాయి కూడా అలా విదేశం వెళ్తున్నాడట. ఒకమ్మాయి లేచి, "ఇవన్నీ మీకెట్ల తెలిసినయి సార్?" అని అడిగింది. అప్పుడు కరుణమ్మ టీచర్ పేరు చెప్పాను. ఆవిడ నాకు చేసిందీ, నేను ఆవిడకు చేసిందీ రెండూ చెప్పాను.

సభ అయ్యాక ప్రసాద్ దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. "చాలా ఏళ్ళ కిందట చాదర్‌ఘాట్ బస్టాపులో కనిపించి, బాగున్నవా ప్రసాదూ అని ఆవిడే పలకరించారయ్యా. నేను మొహం తిప్పుకుని బస్సెక్కేశాను," అన్నాడు. కొడుకును తీసుకుని వెళ్ళిపోయాడు.

టీచర్ నాకు ఇచ్చినవేవీ పోలేదు. ఆవిడ చెప్పినట్టే పాఠం చెబుతున్నాను, ఆవిడ అడిగినట్టే అడగమంటున్నాను, ఇప్పుడు ఆవిడ పేరుతోనే చెబుతున్నాను. వాటితో పాటు, నేను చూడని ఆ బస్టాపు కూడా ఇప్పుడు నాతోనే ఉంటోంది. బస్సు కదిలిపోయాక ఆవిడ ఒక్కరే నిలబడి ఉంటారు.