ఒకే జీపులో ఇద్దరు అభ్యర్థులు

డెబ్బైల మొదట్లో మదనపల్లెలో నేను నల్లకోటు వేసుకున్నప్పుడు, నా దగ్గరికి వచ్చే కక్షిదారులంతా ఆడవాళ్ళే. కురబలకోట వైపు గొర్రెలు మేపుకునేవాళ్ళు, నిమ్మనపల్లె సేద్యగాళ్ళ ఇళ్ళ కోడళ్ళు. భర్త వదిలేసినవాళ్ళు కొందరు, మరుదులు భూమి లాక్కున్నవాళ్ళు కొందరు. చాలా కేసులు పుంగనూరు కోర్టులో నడిచేవి.

అక్కడ నా ఎదురు వకీలు దాదాపు ఎప్పుడూ ఒకాయనే. నాకంటే పదేళ్ళు పెద్ద. ఆ చుట్టుపక్కల పెద్ద రైతుల కేసులన్నీ ఆయనవి. వాళ్ళమీద దావా వేసే ఆడవాళ్ళ తరఫున నేను లేచి నిలబడితే, అటువైపు ఆయన ఉండక తప్పదు. మొదటి కేసులో నా సాక్షిని ప్రశ్నలతో ఏడిపించాడు. తర్వాతి వాయిదాకు ఆయన సాక్షికి నేను చెమటలు పట్టించాను. బయటికొచ్చాక టీ అంగడి దగ్గర ఆయనే నన్ను పిలిచాడు.

“బాగా అడిగితివి పాపా. కానీ మూడో ప్రశ్నతోనే నిలిపేసుండాల్సింది. ఎక్కువ అడిగేకొద్దీ సాక్షికి తెలివి వస్తాది.”

పాపా అన్నందుకు నాకు కోపం రావాలి. రాలేదు. ఆయన చెప్పింది నిజం. ఆ రోజు నుంచి ఆయన నాకు అన్న.

కొన్నేళ్ళకు లోక్‌సభ ఎన్నికలొచ్చాయి. ఒక పార్టీవాళ్ళు మా ఇంటికొచ్చి నన్ను నిలబడమన్నారు. హైస్కూల్లో పాఠాలు చెప్పే మా ఆయన వైపు చూశాను.

“నీకు ఇష్టముంటే నిలబడు. వంటపని నేను సూసుకుంటా. ఉపన్యాసాలు మాత్రం నన్ను రాయమనద్దు” అన్నాడు.

ఆ వారంలోనే అవతలి పార్టీ కూడా తన అభ్యర్థిని ప్రకటించింది. ఎవరో కాదు, మా వకీలన్నే. మర్నాడు కోర్టు వరండాలో గుమాస్తాలందరూ మా ఇద్దరి మొహాలే చూస్తూ నిలబడ్డారు. ఆయన నా పక్కకొచ్చి మెల్లగా అన్నాడు, “ఈడ సాలదని ఇంగ ఆడ గూడా ఎదురెదురుగా నిలబడతాండాం.”

ప్రచారం చివర్లో కుప్పం కొండల్లోకి వెళ్ళాను. అక్కడ దారులంటే రాళ్ళూ గుంతలే. మిట్టమధ్యాహ్నం నా జీపు ఇరుసు విరిగి దారి మధ్యలో కూర్చుంది. డ్రైవరు మెకానిక్ కోసం కుప్పానికి నడిచి వెళ్ళాడు. నీడలేని చోట నేనూ నా వెంట వచ్చిన కార్యకర్తలూ నిలబడి ఉండగా, వెనకనుంచి మరో జీపు వచ్చింది. ముందు కట్టిన జెండా అవతలి పార్టీది.

అన్న తల బయటికి పెట్టాడు. “ఎక్కు పాపా. ఎండకు నిలబడుకుంటే ఓట్లు రాలవు.”

నా కార్యకర్తలు వద్దన్నారు. నేను ఎక్కాను.

ముందున్న పల్లెలో మేమిద్దరం ఒకే బండి దిగేసరికి జనం నోరెళ్ళబెట్టారు. గొర్రెలు తోలుకొస్తున్న ఒక ముసలామె మా ముందు ఆగి అడిగింది, “మీరిద్దురూ ఒగరికొగరు పోటీ అంటిరే. ఒగే బండిలో యాల వస్తిరప్పా?”

“ఈయమ్మ బండి సెడిపోయిందమ్మా. దావ బాగుంటే సెడిపోయుండదు” అన్నాడు ఆయన. అప్పుడు రాష్ట్రంలో అధికారం ఆయన పార్టీదే. నేను అనాల్సిన మాట ఆయనే అనేశాడు.

ఆమె నవ్వి మా ఇద్దరికీ మజ్జిగ ఇప్పించింది. ఒక ఇంటి అరుగు మీద నుంచి ఒకరి తర్వాత ఒకరం మాట్లాడాం. ఆ ఊళ్ళో సగం మందికి ఇంట్లో తమిళమే. నాకు తమిళం అర్థమవుతుంది గానీ నోరు తిరగదు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకోవడం గమనించి అన్న లేచి నా పక్కన నిలబడ్డాడు. నేను అన్న ప్రతి మాటనూ తమిళంలోకి తిప్పి చెప్పాడు. ఆయన పార్టీ మీద నేను చేసిన విమర్శలు కూడా ఒక్కటీ విడవలేదు. నేను మెత్తగా అన్నచోట ఆయన మెత్తగానే, గట్టిగా అన్నచోట గట్టిగానే చెప్పాడు. ఒకచోట జనం చప్పట్లు కొట్టారు కూడా.

తిరిగి వస్తూ అడిగాను, “అంతా యాల చెప్పినావన్నా?”

“ఒగరు అన్నది ఇంగోటిగా మార్సి సెప్తే నేనేం వకీల్ని పాపా?”

నేను కొద్ది తేడాతో గెలిచాను. మర్నాడు పొద్దున్నే ఆయన మదనపల్లెలో మా ఇంటికొచ్చి కాఫీ తాగి అసలు మాటకొచ్చాడు.

“నువ్వు ఢిల్లీకి పోతే నీ కక్షిదారుల గతేంది? నేను ఎదురుగా లేని కేసులు నాకియ్యి, సూసుకుంటా.”

“ఎదురుగా ఉండేవి?”

“వాటికి మంచి వకీల్ని సూడు. నాసిరకం వాడొస్తే నాకు వాదించను బుద్ధి పుట్టదు.”

ఢిల్లీలో, పార్లమెంటులో తొలిసారి మాట్లాడడానికి లేచినప్పుడు, రాసుకున్న కాగితం పక్కన పెట్టేశాను. భర్తలు వదిలేసిన ఆడవాళ్ళ భరణం గురించి మాట్లాడాను, నా దగ్గరికొచ్చిన మనుషుల్నే తలుచుకుంటూ. ఆ కుప్పం కొండల దారి కోసం మాత్రం పార్లమెంటు కంటే చిత్తూరులో కలెక్టరాఫీసు చుట్టూనే ఎక్కువ తిరిగాను. నా పదవి ముగిసేలోగా కంకర పడింది. తారు పడలేదు. ఆ మాట ఎవరడిగినా అట్లే చెప్పాను.

ఎనభైల్లో కొత్త పార్టీ ఒకటి వచ్చి రాష్ట్రంలో గాలి మారింది. నేనూ ఓడాను, అన్న పార్టీ కూడా ఓడింది. తర్వాతి సోమవారం నేను పుంగనూరు బస్సెక్కాను. బాధ లేదని కాదు. కానీ కోర్టు హాల్లో కాగితాల వాసన ముక్కుకు తగలగానే ఒళ్ళు తేలికైంది.

తిరిగొచ్చాక నాకు దొరికిన మొదటి పెద్ద గెలుపు కలకడ నుంచి వచ్చిన ఒకామె కేసు. మామగారు ఆమె పేర రాయనివ్వని భూమిలో, చనిపోయిన భర్త వాటా ఆమెకు వచ్చింది. అటువైపు వాదించింది అన్నే, తీర్పు రోజు దాకా ఒక్క అంగుళం వదల్లేదు. సాయంత్రం ఆమే నేనూ మదనపల్లె బస్సులో పక్కపక్కన కూర్చుని వేయించిన చెనక్కాయలు తింటూ వచ్చాం.

“మళ్ళా ఢిల్లీకి పోతావామ్మా?” అని అడిగింది.

“జనం పంపిస్తే పోతా.”

ఆమె ఇంకో కాయ ఒలిచింది. “వాళ్ళు పైకోర్టుకు పోతారంట. ఆ కేసు గూడా అయినాక పోమ్మా” అని, ఒడిలోని కాయలన్నీ నా చేతిలో పోసింది.