శ్యామలాదేవి గోడ పొడి

స్క్రూలు కావాలని వచ్చినవాళ్ళకి శ్యామలాదేవి వెంటనే స్క్రూలు ఇవ్వదు. ఖాళీ పొట్లం కాగితం ఇస్తుంది.

"గోడకి ఒక్క బెజ్జం వేయించి, రాలిన పొడి ఇందులో పట్టుకురండి. అప్పుడు చూద్దాం."

జగ్గయ్యపేట మెయిన్ రోడ్డు మీద వాళ్ళ హార్డ్‌వేర్ షాపు. ముక్త్యాల వైపు సిమెంటు లారీ వెళితే డబ్బాల్లో మేకులు కదులుతాయి. షాపు పేరు ఆవిడ మామగారిది. లైసెన్సు భర్త అచ్చయ్యది. గల్లాపెట్టె వెనక కుర్చీ మాత్రం ఆవిడది. పదకొండేళ్ళ కిందట అచ్చయ్యకి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు, నెల రోజులు కూర్చోమని ఆయనే చెప్పాడు. ఆ నెల ఇంకా పూర్తి కాలేదు.

కూర్చున్న మొదటి వారమే ఒక టీచరుగారు పగిలిన కప్పులు సంచీలో తెచ్చి గల్లా మీద గుమ్మరించాడు. మీ స్క్రూలతో బిగించిన కబోర్డు పడిపోయిందన్నాడు. స్క్రూ మాది, గోడ మీది అని అచ్చయ్య మంచం మీద నుంచి ఫోన్లో తీర్పు చెప్పాడు. ఆవిడ షాపు మూసి టీచరుగారి ఇంటికి వెళ్ళింది. పాత ఇల్లు. పైన సిమెంటు పూత, లోపల మట్టి. స్క్రూలు వంగలేదు, విరగలేదు. గోడలోంచి మర్యాదగా బయటికి వచ్చేశాయి. బెజ్జంలో వేలు పెట్టి, అంటిన మట్టిని ఆవిడ చాలాసేపు చూసింది.

అప్పట్నుంచి పొట్లాలు మొదలయ్యాయి. ఎర్ర పొడి అయితే ఇటుక, స్క్రూకి ముందు బెజ్జంలో దించే మామూలు ప్లాస్టిక్ ప్లగ్గు చాలు. బూడిద రంగులో ఉండి వేళ్ళ మధ్య గరగరమంటే కాంక్రీటు, ప్లగ్గు పొట్టిదైనా పట్టుకుంటుంది. మట్టి వస్తే, కబోర్డు నేల మీదే పెట్టుకోమని చెప్పి ఉత్త చేతుల్తో పంపేస్తుంది. ఈ చివరి సలహా తలుచుకుంటే అచ్చయ్యకి అన్నం సయించదు.

"పేటలో జనం దుమ్ము దులుపుకోలేక చస్తున్నారే. నువ్వు దుమ్ము పట్టుకురమ్మంటావు."

"చీపుర్లు కూడా అమ్ముతున్నాం కదండీ."

ఒక సోమవారం పెనుగంచిప్రోలు నుంచి బుల్లిబాబు వచ్చాడు. మిర్చి, పత్తి పండిస్తాడు. రెండేళ్ళ కిందట మేడ కట్టాడు. తలుపు గడియ నుంచి కిటికీ కొక్కెం దాకా అచ్చయ్య షాపులోనే కొన్నాడు. ఇల్లంతా ఎర్ర ఇటుకేనని గృహప్రవేశానికి వచ్చినవాళ్ళకి విస్తరి వేయకముందే చెప్పాడు.

"అమ్మగారూ, పైన వంటింట్లో కబోర్డు బిగించాలి. స్క్రూలూ ప్లగ్గులూ ఓ డజను పడెయ్యండి."

"ఏ గోడకండీ?"

"గోడేంటండీ, మా ఇంట్లో ఉన్నది ఒకటే రకం. ఎర్ర ఇటుక."

ఆవిడ పొట్లం కాగితం ఇచ్చింది. పక్కన స్టూలు మీద వడ్రంగి కృపారావు టీ తాగుతున్నాడు. పని ఉన్నా లేకపోయినా అతను అక్కడే ఉంటాడు.

"తీసుకెళ్ళండి బాబుగారూ. ఆవిడ వాళ్ళాయనకి కూడా పొడి చూశాకే అన్నం పెడుద్ది."

బుల్లిబాబు నవ్వాడు. వెనక సరుకు లెక్క చూస్తున్న అచ్చయ్య నవ్వలేదు.

మధ్యాహ్నం దాటాక బుల్లిబాబు పొట్లంతో తిరిగొచ్చాడు. శ్యామలాదేవి విప్పింది. ఎర్రటి పొడి. కుంకుమలా ఉంది. గోటితో పరిచి, ఇటూ అటూ కదిపి చూసింది.

"బాబుగారూ, మీ వంటింటి గోడకి ప్లాస్టరింగ్ చేయించలేదాండీ?"

"ఎందుకు చేయించం? మీద పుట్టీ, ఆ మీద రెండు కోట్లు పెయింటు."

"మరి అవన్నీ ఇందులో ఏవండీ? డ్రిల్లు ముందు పెయింటు తినాలి, తర్వాత పుట్టీ, తర్వాత సిమెంటు. అప్పుడు కదా ఇటుక. ఇది తిన్నగా ఇటుకలోకే దిగింది."

కృపారావు టీ గ్లాసు కింద పెట్టాడు. అతని చెవిన పడ్డది పొద్దుగూకేలోగా నందిగామ చేరుతుంది. ఆ సంగతి బుల్లిబాబుకీ తెలుసు.

"అంటే నేను ఇటుక నూరుకొచ్చానంటారా?"

"ఆ మాట నేననలేదండీ."

నిజమే, ఆయనే అన్నాడు. స్క్రూలు పేటలో మీ ఒక్కళ్ళ దగ్గరే లేవంటూ రోడ్డు దాటి ఎదురు షాపులోకి వెళ్ళాడు. అక్కడ ఎవరూ ఏమీ అడగలేదు. రెండు నిమిషాల్లో సంచీతో బయటికొచ్చాడు.

అచ్చయ్య రోడ్డు మీద బుల్లిబాబు కారు కనుమరుగయ్యేదాకా ఆగాడు.

"ఆయన ఎరుపంటే నువ్వూ ఎరుపంటే పోయేది కదే!"

"కబోర్డు కూడా పోయేదండీ."

"పడితే మళ్ళీ కొనుక్కుంటాడు. వ్యాపారం చేస్తున్నావా, గోడలకి వైద్యం చేస్తున్నావా?" అని, లోపలికెళ్ళి పంచాంగం తిరగేసి వచ్చాడు. "శనివారం బాగుంది. ఆ రోజు నుంచి కుర్చీలో నేను కూర్చుంటా. నువ్వు ఇంటికెళ్ళు."

ఆవిడ ఎర్ర పొడిని మళ్ళీ పొట్లం కట్టింది. ఇంట్లో ఆవిడని అడిగే ప్రశ్న ఒకటే, కూరేంటని. ఇక్కడ తలపండిన మేస్త్రీలు కూడా చెప్పులు విడిచి, ఇది పట్టుద్దాండీ అని అడుగుతారు. ఆ కుర్చీ అంటే ఆవిడకి ఆశ. ఆ ఆశని ఎప్పుడూ దాచుకోలేదు.

గురువారం అచ్చయ్య బ్యాంకుకి వెళ్ళాడు. కృపారావు పనిలో ఉన్నాడు, అదొక వింత. షాపు ముందు ఆటో ఆగింది. బుల్లిబాబు భార్య ప్రమీలారాణి దిగి, ముందు వెనక చూసుకుని, కొంగు ముడి విప్పింది. తెల్లటి పొడి. పిండిలా మెత్తగా ఉంది.

"ఇదీ అక్కయ్యగారూ మా గోడ. ఆ గోడ కింద దూలం లేదంట. బరువు పెట్టొద్దని ఇంజినీరు ఈ తేలిక ఇటుక పెట్టించాడు. ఇదేమన్నా తప్పా? మా ఆయనకి మాత్రం కొంప మునిగినట్టే ఉంది. ఊరంతా ఎర్ర ఇటుకని చెప్పుకున్నారుగా!"

"ఎదురు షాపువి బిగించారా?"

"బిగిద్దామని చూశారు. స్క్రూతో పాటు ప్లగ్గు కూడా గిరగిరా తిరుగుతుంది. ఈయన గోడని తిడుతున్నారు. దాని కింద నిలబడి వండేది నేను కదండీ. పడితే నా నెత్తినే."

శ్యామలాదేవి పై అరలోంచి వేరే ప్లగ్గులు తీసింది. పొడుగ్గా, ఒంటి నిండా రెక్కలతో ఉన్నాయి. వాటికి సరిపడా పొడుగు స్క్రూలు ఇచ్చింది.

"బెజ్జం కొంచెం చిన్నదే వేయమనండి. డ్రిల్లుని సుత్తిలా కొట్టించొద్దు, ఊరికే తిప్పమనండి. కొట్టిస్తే గోడ పిండైపోద్ది."

"ఎవరికీ చెప్పకండేం."

"చెప్పను."

శనివారం పొద్దున్నే అచ్చయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఏ సామాను ఎక్కడుందో చూపించి మధ్యాహ్నానికి వెళ్ళిపొమ్మన్నాడు. ఆవిడ వెనక గదిలో, కలిసిపోయిన స్క్రూలు వేరు చేస్తూ కూర్చుంది. కృపారావు స్టూలు మీదున్నాడు.

పదకొండింటికి బుల్లిబాబు వచ్చాడు. అచ్చయ్య ముఖం వెలిగింది.

"రండి రండి బాబుగారూ!"

"అమ్మగారు లేరా?"

"ఇకనుంచి నేనేనండీ. చెప్పండి."

బుల్లిబాబు ఓరగా కృపారావు వైపు చూశాడు. "పైన ఇంకో కబోర్డు పెడుతున్నాం. స్క్రూలూ ప్లగ్గులూ."

అచ్చయ్య గోడ ఊసెత్తలేదు. ముందు డబ్బాలోంచి గుప్పెడు తీశాడు.

"అవి కాదు."

"ఎర్ర ఇటుకకి ఇవేనండీ. మీది ఎర్ర ఇటుకేగా?"

"ఎర్ర ఇటుకే!" రోడ్డు మీదికి వినపడేలా అన్నాడు బుల్లిబాబు.

"అయితే ఇవే."

"ఇవి కాదంటుంటే!"

"మరేవండీ?"

బుల్లిబాబు కళ్ళు అరల వెంట తిరిగాయి. కృపారావు ముందుకి వంగాడు.

"మొన్న మా ఆవిడకి ఇచ్చారు చూడండి, అవి," అన్నాడు బుల్లిబాబు గొంతు తగ్గించి.

"అవంటే ఏవో నాకెలా తెలుసుద్దండీ? ఏ గోడకో చెప్తే..."

ఆ ప్రశ్న తన నోట్లోంచే వచ్చిందని అచ్చయ్యకి కాస్త ఆలస్యంగా తెలిసింది.

"ఆవిడకి తెలుసు. పిలుస్తారా, నన్ను నందిగామ పొమ్మంటారా?"

అచ్చయ్య పిలిచాడు. శ్యామలాదేవి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఏమీ అడగలేదు. పై అరలోంచి తీసి, నల్ల కవర్లో వేసి, మూతి మడిచి ఇచ్చింది. మొదటిది ఎలా ఉందని అడిగింది. రాయిలా ఉందన్నాడు బుల్లిబాబు. పోట్లాట సంగతి ఇద్దరూ ఎత్తలేదు. ఆయన వెళ్ళిపోయాడు.

"ఏ గోడే అతనిది?" అన్నాడు అచ్చయ్య.

"చెప్పనని మాటిచ్చానండీ."

"నాకు కూడానా?"

"మీరు కృపారావుకి చెప్తారు."

"చెప్తారండి," అన్నాడు కృపారావు.

అచ్చయ్య గల్లా మీద గుప్పెడు ప్లగ్గుల్ని తిరిగి డబ్బాలో వేశాడు. "రేపు మళ్ళీ వస్తే?"

"ఫోన్ చేయండి. పొయ్యి కట్టేసి, చీర మార్చుకుని, ఆటో దొరికితే అరగంటలో వచ్చేస్తా. అందాకా ఆయన్ని కబుర్లలో పెట్టండి."

అచ్చయ్య కాసేపు ఎదురు షాపు వైపు చూశాడు. తర్వాత, టీ చెప్పి వస్తానని లేచి రోడ్డు మీదికి వెళ్ళాడు.

ఆవిడ కూర్చుంది.

"నాకు పంచదార తక్కువేయమనండి!" అని వెనకనుంచి కేకేసింది.