ఎమెరిటస్‌కు సగం అర్థం

పత్రికల్లో వార్తను కింది నుంచి కోస్తారు. చోటు చాలకపోతే చివరి పేరా పోతుంది, తర్వాత దాని పైది. ముఖ్యమైనదంతా మొదట్లోనే ఉంటుందని మా నమ్మకం. డెస్కులో ఏళ్ల తరబడి ఆ పని చేసి, మాటల్లోనూ మొదటి వాక్యం చెప్పి ఆపేయడం నాకు అలవాటైంది.

తిరుపతిలో మా ఎదురింటాయన విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఆ తర్వాత కూడా పొద్దున్నే క్యారియర్ తగిలించుకుని స్కూటర్ మీద అక్కడికే వెళ్లేవారు. కొండల నుంచి తెచ్చి, ఎండబెట్టి, అట్టలకు కుట్టిన మొక్కలు ఆ శాఖ బీరువాల నిండా ఉన్నాయి. చాలావాటికి పేర్లు సరిచూడాలి. ఆ పనికోసం పాత శిష్యుడొకరు తన గదిలో ఒక మూల బల్ల వేయించారు.

ఎదురింటాయన అన్న సత్యవేడు దగ్గర ఊళ్లో సేద్యం చేస్తారు. మోకాళ్లు పట్టేశాయి. మామిడితోట చూసుకోవడానికి రమ్మని తమ్ముణ్ణి చాన్నాళ్లుగా పోరుతున్నారు. తమ్ముడు ఏదో ఒకటి చెప్పి దాటేస్తూ వచ్చారు. ఈ ఎండాకాలం మొదట్లో విశ్వవిద్యాలయం ఆయన్ను ఎమెరిటస్ ప్రొఫెసర్‌ను చేసింది. దాంతో గట్టి జవాబు దొరికింది. తనను మళ్లీ ప్రొఫెసర్‌గా, అదీ ఎమెరిటస్‌గా పెట్టుకున్నారని అన్నకు ఫోన్ చేసి చెప్పారు.

అన్న సంతోషపడి, సంచి నిండా పచ్చి వేరుశనక్కాయలు వేసుకుని బస్సెక్కి వచ్చారు. సాయంత్రం నన్నూ పిలిచారు. వరండాలో కూర్చుని ఉడకబెట్టిన కాయలు వలుచుకుంటున్నాం.

"నువ్వు పేపరాయన గదప్పా," అన్నారు అన్న. "ఈ ఎమెరిటస్ అంటే ఏంది? ప్రొఫెసర్ కంటే పెద్దదా, సిన్నదా? ఊర్లో అడగతా ఉండారు."

ఎదురింటాయన నావైపు చూశారు. ఆ చూపు నాకు అర్థం కావాల్సింది, కాలేదు.

"ఉద్యోగం కాదన్నా. రిటైరైనాక కూడా ప్రొఫెసర్ అనే పేరును గౌరవంగా ఉంచుకోనిస్తారు."

"జీతం?"

"ఉండదు."

"పాఠం సెప్పేది?"

"అక్కర్లేదు."

ఆయన చేతిలోని కాయను పక్కన పెట్టారు. "ఎద్దును కాడి నుంచి ఇప్పేసి, గంట మాత్రం మెడలో ఉంచినట్టుండాది." గుమ్మంలో నిలబడిన మరదలి వైపు తిరిగి, "ఏమ్మా, దినామూ క్యారేజి కట్టిచ్చేది ఈ గంటకేనా?" అన్నారు. ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. ఎదురింటాయన అందరికంటే ఆలస్యంగా నవ్వారు.

"ఆ గంట మన తోటలో గూడా మోగతాది లేరా. కాయ కోతకొస్తా ఉండాది. రా పోదాం."

నాకు తెలిసిన మిగతా సగం ఇంటికొచ్చాక గుర్తుకొచ్చింది. సేవ చేసి సంపాదించుకున్నది అని ఆ మాటకు మూలంలో అర్థం. ఇంగ్లీషులో అది రిటైరైన ప్రతివారికీ తగిలించే మాట కాదు. మాజీ అన్నామంటే మనిషిని పని నుంచి తెంచేసినట్టు. ఎమెరిటస్ అంటే ఆ పనికీ ఆ మనిషికీ ఇంకా సంబంధం ఉందని ఒప్పుకున్నట్టు. ఇదంతా చివరి పేరా. నేను కోసేశాను.

మర్నాడు పొద్దున్నే వెళ్లి అన్నకు చెప్పాను. ఓపిగ్గానే విన్నారు.

"అంత పనైతే జీతం ఎందుకియ్యరు? నిన్న కాదంటివి, ఈ పొద్దు అవునంటివి. పేపరోళ్ల మాదిరే ఉండావే."

"నిన్న సగమే చెప్పినానన్నా."

"నాకా సగం సాలప్పా."

ఎదురింటాయన గేటు దాకా వచ్చారు. "మీరేం అబద్ధం చెప్పలేదు సార్. చెప్పింది నేను," అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ వారంలోనే భార్యాభర్తలిద్దరూ ఊరికి వెళ్లిపోయారు. స్కూటర్ పాత దుప్పటి కప్పుకుని వరండాలో ఉంది.

మొన్న ఆ శిష్యుడు నాకు ఫోన్ చేశారు. కొత్తగా చేరినవాళ్లకు చోటు చాలడం లేదట. మూల బల్ల ఇంకొకరికి ఇవ్వవచ్చా అని ఆయన్ను అడగాలంటే మొహమాటంగా ఉందని, ఆ మాట నన్ను కనుక్కోమన్నారు. ఊరికి ఫోన్ చేస్తే అన్న ఎత్తారు.

"ప్రొఫెసరు తోటలో నీళ్లు కడతా ఉండాడప్పా. పిలిచేదా?"

గంట అన్నప్పటి ఎగతాళి ఆ మాటలో లేదు. వద్దులే అన్నా, ఊరికే చేసినానని పెట్టేశాను.

బల్లను ఇంకొన్నాళ్లు అలాగే ఉంచమని ఆయనే అన్నారని శిష్యుడికి చెప్పాను.