బాయి నీళ్లు

కెమిస్ట్రీ టీచర్ల సదస్సులో నేను మొదటిసారి మాట్లాడాల్సిన రోజది. ఇబ్రహీంపట్నం బస్టాండులో కూర్చుని ‘నిత్యజీవితంలో రసాయనాలు’ అన్న ప్రసంగాన్ని గొణుక్కుంటున్నాను. గొంతు ఆరిపోయింది. పక్కనున్న ముసలాయన నీళ్ల సీసా అందించాడు.

“తాగు సారూ. యాచారం దిక్కు మాది, మా బాయి నీళ్లే.”

తియ్యగా ఉన్నాయి. సగం తాగేశాను.

“రసాయనాలంటున్నవ్ గదా, జర చెప్పు. మా దిక్కు మందుల కంపెనీలు వస్తయంటున్రు. వచ్చినంక గీ నీళ్లు ఇట్లనే ఉంటయా?”

“చెప్పలేను బాపూ” అన్నాను.

ఆయన తలూపి, మిగిలిన నీళ్లకు గట్టిగా మూత బిగించుకున్నాడు.

సదస్సులో తడబడకుండానే మాట్లాడాను. చివర “ప్రశ్నలేమైనా ఉన్నాయా?” అన్నాను. ఎవరూ చెయ్యెత్తలేదు.

ఇప్పటికీ క్లాసులో ‘ప్రశ్నలేమైనా ఉన్నాయా?’ అని అడిగే ముందు నా గొంతు ఆరిపోతుంది.